సభాపుటలలో ఒక సభ్యురాలి అడుగుజాడలు
చట్టసభ్యుల పని తీరును చదివి తెలుసుకొనే విధానం

ఎన్నికల వేళ ప్రజాప్రతినిధి మాట వీధి వీధినా వినిపిస్తుంది. ఎన్నికైన తరువాత అదే ప్రతినిధి చట్టసభలో ఏమి మాట్లాడారో, ఏ ప్రశ్న అడిగారో, ఏ సమాధానం రాబట్టారో తెలుసుకొనే పౌరులు మాత్రం తక్కువ. ఆ వివరాలేవీ రహస్యాలు కావు. పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలలోనూ పలికిన ప్రతి మాటను లేఖకులు వ్రాసుకొంటారు. అధ్యక్షస్థానం తొలగించమని ఆదేశించిన మాటలు తప్ప మిగిలినవన్నీ నివేదికలలో అచ్చవుతాయి. ఆ పుటలను ఎలా చదవాలి, వాటిలో దేనిని వెదకాలి అన్నది ఈ పాఠ్యాంశం. ఇందుకు ఉదాహరణగా చెన్నపట్నపు సభలోనే కూర్చున్న ఒక సభ్యురాలిని తీసుకొందాము. ఆమె డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి.

1. ఈ పుటలు ఎందుకు చదవాలి?

భారత రాజ్యాంగం 105వ అధికరణం పార్లమెంటు సభ్యులకూ, 194వ అధికరణం రాష్ట్ర చట్టసభల సభ్యులకూ వాక్‌స్వాతంత్ర్యాన్ని ఇచ్చాయి. సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు సభ్యునిపై న్యాయస్థానంలో చర్య తీసుకొనే వీలు లేదు. బలవంతుని గురించి నిర్భయంగా మాట్లాడగలగాలన్నదే ఈ రక్షణ వెనుక ఉన్న ఉద్దేశం. అయితే దీనికి మరొక ముఖం ఉంది. సభలో అన్న మాటకు న్యాయస్థానం లెక్క అడగదు కనుక, ఆ లెక్క అడగవలసినవాడు పౌరుడే. అడగాలంటే ముందు చదవాలి.

2. సభ్యుల చేతిలోని సాధనాలు

సభ్యుల పనిని అర్థం చేసుకోవాలంటే వారు వాడే సాధనాలు తెలిసి ఉండాలి. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది ప్రశ్న. లోక్‌సభలో ప్రతి దినపు సమావేశంలో తొలి గంట ప్రశ్నలకే కేటాయింపు. రాజ్యసభలో 2014 నుండి ఆ గంట మధ్యాహ్నం 12కు మారింది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి నోటిమాటగా సమాధానం చెప్పాలి. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు వ్రాతపూర్వకమైన సమాధానం వస్తుంది. అనుబంధ ప్రశ్నలకు తావు లేదు. లోక్‌సభలో ఒక రోజు జాబితాలో నక్షత్ర గుర్తు గలవి 20, లేనివి 230 వరకు ఉంటాయి. మొదటి రకం మంత్రిని నిలదీయడానికి, రెండవ రకం లెక్కలు రాబట్టడానికి ఎక్కువగా ఉపకరిస్తాయి.

రెండవది ప్రస్తావన. ప్రశ్నకు చాలా రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. అంతవరకు ఆగని విషయాలను జీరో అవర్‌లో లేవనెత్తుతారు. లోక్‌సభలో 377వ నియమం క్రింద, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావనగా నియోజకవర్గపు సమస్యలను సభ దృష్టికి తెస్తారు.

మూడవది తీర్మానం. ఫలానా పని చేయమని సభ ప్రభుత్వానికి సిఫారసు చేయడం ఇందులోని సారం. తీర్మానం చట్టం కాదు. అది సభ మనసును తెలుపుతుంది.

నాలుగవది బిల్లు. మంత్రులు కానివారు కూడా బిల్లు ప్రవేశపెట్టవచ్చు. దానిని ప్రైవేటు సభ్యుల బిల్లు అంటారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పార్లమెంటులో ఇటువంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. అందువల్ల బిల్లు నెగ్గిందా లేదా అన్నదొక్కటే కొలమానంగా పెట్టుకొంటే ఎందరో మంచి సభ్యుల కృషి మన కంట పడకుండా పోతుంది.

ఒక్క ప్రశ్న ఎంత దూరం పోగలదో మన నగరంతో ముడిపడిన ఉదంతమే చెబుతుంది. 1957లో జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు పెట్టి కొన్నది. ఆ సొమ్ము పాలసీదారులది. ఆ కొనుగోలుపై లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. ఇచ్చిన సమాధానంతో తృప్తి చెందని ఫిరోజ్ గాంధీ ఆ డిసెంబరులో విషయాన్ని సభలో విప్పి చెప్పారు. జస్టిస్ ఎం. సి. చాగ్లా విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి పదవికి రాజీనామా చేశారు. ఆయన అప్పటి మద్రాసు దక్షిణ నియోజకవర్గపు సభ్యులు. ప్రశ్న అడిగినవారి పనితో పాటు సమాధానం చెప్పినవారి పని కూడా ఈ పుటలలోనే నమోదవుతుందని దీనివల్ల గ్రహించాలి.

3. కోటలోకి వచ్చిన తొలి మహిళ

మంత్రిపదవినే కదిలించిన ప్రశ్న కథ అది. పదవిని కాక ఒక ఆచారాన్ని కదిలించవలసి వస్తే సభ్యులు ఏమి చేయగలరు? అందుకు ఇంకా 30 ఏళ్లు వెనుకకు, సెయింట్ జార్జి కోటకు పోవాలి.

ముత్తులక్ష్మి 1886లో పుదుక్కోట్టైలో జన్మించారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసి కుటుంబంలో పుట్టినవారు. ముత్తులక్ష్మి మద్రాసు వైద్యకళాశాలలో చదివి 1912లో పట్టం పొందారు. డాక్టర్ టి. సుందర రెడ్డిని వివాహమాడారు. అడయారులో 1917లో ఏర్పడిన భారత మహిళా సంఘంలో కృషి చేశారు.

మద్రాసు రాష్ట్రం 1921లో స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. సభ్యులుగా ఉండే అవకాశం 1926లో లభించింది. ఆ ఎన్నికలలో కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. అదే సమయంలో ప్రభుత్వం ముత్తులక్ష్మి రెడ్డిని శాసనమండలికి నామినేట్ చేసింది. బ్రిటిష్ ఇండియా చట్టసభలో కూర్చున్న తొలి మహిళ ఆమె. 1927లో సభ ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొంది. అప్పుడు మండలి అధ్యక్షులు తెలుగువారైన సి. వి. ఎస్. నరసింహరాజు, ముఖ్యమంత్రి పి. సుబ్బరాయన్. నేటి తమిళనాడు, కోస్తాంధ్ర, రాయలసీమలతో పాటు కన్నడ, మలయాళ ప్రాంతాలు కొన్ని ఆ సభ పరిధిలో ఉండేవి. కనుక అక్కడ చేసిన శాసనం పుదుక్కోట్టై పొరుగు గ్రామానికి ఎంతో, గోదావరి తీరపు గ్రామానికీ అంతే వర్తించేది.

ఆమె సభలో ఉన్నది 1930 వరకే. ఆ కొద్ది కాలంలో పట్టించుకొన్న విషయాలు అనేకం: పాఠశాల పిల్లలకు వైద్యపరీక్షలు, పేద బాలికల చదువు, తల్లీబిడ్డల వైద్యం, వివాహవయసు పెంపు, స్త్రీల క్రయవిక్రయాల నిరోధం. సభ విడిచిన వెంటనే, 1930లోనే, తన సభానుభవాలను ఇంగ్లీషులో పుస్తకంగా ప్రకటించారు. ఏమి అడిగినదీ, ఏమి సాధించినదీ, ఏది మిగిలిపోయినదీ ప్రజల ముందు పెట్టడం తన బాధ్యత అని ఆమె భావించారు. నియోజకవర్గం లేని నామినేటెడ్ సభ్యురాలు లెక్క చెప్పారు. నియోజకవర్గం ఉన్నవారి నుండి పౌరుడు అంతకన్న తక్కువ ఆశించనక్కరలేదు.

4. ఒకే విషయం వెంట నడవడం

సభాపుటలు చదవడం నేర్చుకొనేవారికి తొలి సూత్రం ఇది: ఉపన్యాసాలు ఎన్ని అని లెక్కపెట్టకుండా ఒక విషయాన్ని ఎంచుకొని అది ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడాలి. ముత్తులక్ష్మి రెడ్డి విషయంలో అది దేవదాసి ఆచారం.

బాలికలను చిన్ననాడే ఆలయానికి అంకితం చేసి, వారికి వివాహం లేకుండా చేసే ఆచారం అప్పటి మద్రాసు రాష్ట్రమంతటా ఏదో ఒక రూపంలో ఉండేది. తెలుగునాట బసివి, జోగిని, మాతమ్మ అనే పేర్లతో స్థానిక రూపాలు ఉండేవి. నిర్ణయం పిల్లది కాదు, పెద్దలది. పిల్లకు ఊహ తెలిసేసరికి ఆమె బ్రతుకు నిర్ణయమైపోయి ఉండేది.

మొదటి అడుగు తీర్మానం. 1927 నవంబరులో, బాలికలను ఆలయాలకు అంకితం చేయడాన్ని ఆపేందుకు శాసనం తేవాలని ప్రభుత్వానికి సిఫారసు చేసే తీర్మానాన్ని ఆమె ప్రవేశపెట్టారు, సభ ఆమోదించింది.

రెండవ అడుగు భూమి. ఆలయసేవ చేసినంత కాలం అనుభవించడానికి దేవదాసీలకు ఇనాం భూములు ఉండేవి. సేవ మానితే భూమి పోతుంది. కనుక కూతురిని అంకితం చేయకపోతే కుటుంబం తిండిగింజలే పోగొట్టుకొనేది. ఆచారం వెనుక భక్తి ఉన్నట్లే ఈ పొలం కూడా ఉంది. ఆమె చొరవతో 1929లో హిందూ ధర్మాదాయ చట్టానికి సవరణ వచ్చింది. ఇనాం భూమిని అనుభవిస్తున్న దేవదాసీలకు సేవాబాధ్యత నుండి విముక్తి, భూమిపై హక్కు కలిగాయి. తీర్మానంలో ధర్మం మాట్లాడిన సభ్యురాలు సవరణలో ఆర్థికపు ముడి విప్పారు. ఉపన్యాసానికీ శాసననిర్మాణానికీ ఉన్న తేడాను ఈ రెండు పత్రాలూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే గ్రహించవచ్చు.

మూడవ అడుగు బిల్లు. అంకితాన్నే నిషేధించే బిల్లును 1930లో ప్రవేశపెట్టారు. అయితే ఆ సంవత్సరమే గాంధీజీ నిర్బంధానికి నిరసనగా ఆమె సభ్యత్వానికి రాజీనామా చేశారు. బిల్లు ముందుకు సాగలేదు.

ఇక్కడితో పుస్తకం మూసేస్తే, ఆమె ముఖ్యమైన బిల్లు నెగ్గలేదని మాత్రమే తెలుస్తుంది. తరువాతి పుటలు తిప్పాలి. 1938–39 ప్రాంతంలో తెలుగు సభ్యురాలు అమ్మన్నరాజా ఇదే విషయంపై మళ్లీ బిల్లు తెచ్చారు. చివరకు 1947లో, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, మద్రాసు దేవదాసీల అంకిత నిరోధ చట్టం వచ్చింది. తీర్మానానికీ చట్టానికీ మధ్య 20 ఏళ్లు గడిచాయి. ఆ నడుమ పుట్టి, అంకితమైన బాలికలకు ఆ ఆలస్యం ఖరీదు ఏమిటో ఏ నివేదికా చెప్పదు.

కథ అక్కడా ముగియలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మళ్లీ దేవదాసీ నిషేధ చట్టం చేయవలసివచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన ఆచారం పోదని, చట్టం అమలు గురించి సభలో పదే పదే అడిగేవారు ఉండాలని దీని అర్థం.

5. పుటలలో కనిపించనివారు

రెండవ సూత్రం: సభలో వినిపించిన వాదాలతో పాటు ఎదురువాదాలనూ, సభ వెలుపల నిలిచిన గొంతులనూ వెదకాలి.

ముత్తులక్ష్మి రెడ్డి ప్రయత్నాన్ని ఎస్. సత్యమూర్తి వంటి ప్రసిద్ధ కాంగ్రెసు నాయకులు సంప్రదాయం పేర వ్యతిరేకించారు. సభాపుటలలో ఆ వాదం కనిపిస్తుంది. అయితే ఎవరి జీవితాలపై చట్టం చేయబోతున్నారో ఆ స్త్రీలకు సభలో స్థానం లేదు. మద్రాసులోని దేవదాసీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి వినతిపత్రాలు సమర్పించారు. వారిలో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రముఖురాలు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషిగా తెలుగు పాఠకులకు ఆమె సుపరిచితురాలు. తమ కులాన్నంతటినీ ఒకే దోషంతో ముడిపెట్టడం అన్యాయమని, తమ విద్య, తమ ఆస్తిహక్కు, తమ గౌరవం నిలవాలని ఆ స్త్రీలు కోరారు. తమకు కావలసినది చదువు అని కూడా విన్నవించారు.

వారి భయం నిరాధారం కాదు. 1930ల నుండి ఆలయనృత్యం మద్రాసు సభావేదికలకు చేరి గౌరవం పొందింది; దానిని తరతరాలుగా కాపాడిన స్త్రీలలో అనేకులు మాత్రం జీవనాధారం కోల్పోయారు. బాలికలను కాపాడాలన్న ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదల న్యాయమైనదే. పెద్ద స్త్రీల బ్రతుకుతెరువు గురించి నాగరత్నమ్మ వంటివారు అడిగిన ప్రశ్నా న్యాయమైనదే. మొదటిది సభానివేదికలో ఉంది. రెండవది వినతిపత్రాల కట్టలో ఉంది. రెండూ చదివినవారికే పూర్తి చిత్రం తెలుస్తుంది.

ముత్తులక్ష్మి రెడ్డి సభ విడిచిన తరువాత చేసిన పని ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఆశ్రయం లేని బాలికల కోసం 1930లో అవ్వై ఇల్లం స్థాపించారు. 1954లో అడయారులో కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఆమె కృషితో ఆరంభమైంది. చట్టం ఒక తలుపు మూసినప్పుడు మరొక తలుపు ఎక్కడ తెరుచుకొంటుందన్న ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం సభ బయటనే ఉంటుంది.

6. అంకెలు చెప్పేవి, చెప్పనివి

ఈనాడు ఎంపీల హాజరు, ప్రశ్నల సంఖ్య, చర్చల సంఖ్య పట్టికలుగా దొరుకుతున్నాయి. అవి ఉపయోగకరమే. ఒక సభ్యుడు సభకే రాకపోతే ఆ సంగతి అంకె స్పష్టంగా చెబుతుంది. కాని అంకెను చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం.

మంత్రులు ప్రశ్నలు అడగరు, సమాధానాలు చెబుతారు. కనుక వారి ప్రశ్నల పట్టిక ఖాళీగా ఉండడం సోమరితనానికి గుర్తు కాదు. సభాపతికీ ఇదే వర్తిస్తుంది. సమావేశాలే కుదించుకొనిపోతే అడిగే అవకాశమే తగ్గుతుంది: కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు సమావేశాలలో ప్రశ్నోత్తరాల గంట జరగలేదు, వ్రాతపూర్వక సమాధానాలు మాత్రమే వచ్చాయి. ఇంకొక సంగతి. ఒకే రకపు ప్రశ్నను పలు మంత్రిత్వశాఖలకు పంపితే సంఖ్య పెరుగుతుంది. ఒకే విషయంపై మూడేళ్లు వెంటపడి, ప్రతి సమాధానంలోని లొసుగును పట్టుకొని తరువాతి ప్రశ్న వేస్తే సంఖ్య తక్కువే ఉండవచ్చు, ఫలితం ఎక్కువ ఉండవచ్చు.

ముత్తులక్ష్మి రెడ్డి నెగ్గని బిల్లును తలపించే సమకాలిక ఉదాహరణ తమిళనాడు నుండే ఉంది. రాజ్యసభ సభ్యులు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం తెచ్చిన ప్రైవేటు బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. ప్రైవేటు బిల్లును పార్లమెంటులోని ఒక సభ ఆమోదించడం 45 ఏళ్ల తరువాత అదే మొదటిసారి. లోక్‌సభలో అది చట్టరూపం పొందలేదు. ప్రభుత్వం తన బిల్లు తాను తెచ్చింది. అది 2019లో చట్టమైంది. ఆ చట్టం తమ కోరికలకు చాలా దూరంగా ఉందని ట్రాన్స్‌జెండర్ సంఘాలు విమర్శించాయి. శివ బిల్లును, 2019 చట్టాన్ని ప్రక్కప్రక్కన పెట్టి చదివితే ఏ హక్కు మిగిలిందో, ఏది జారిపోయిందో తెలుస్తుంది. పట్టికలోని అంకె ఆ సంగతి చెప్పదు.

7. నగరవాసి చేయదగిన పని

చెన్నై నగరానికి ఉత్తర, మధ్య, దక్షిణ అని మూడు లోక్‌సభ నియోజకవర్గాలు ఉన్నాయి. లోక్‌సభ, రాజ్యసభల అధికారిక వెబ్‌సైట్లలో సభ్యుల పేరు ఆధారంగా ప్రశ్నలు, సమాధానాలు, చర్చలు వెదకవచ్చు. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం దేశంలో ప్రచురితమయ్యే గ్రంథాలు చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో ఒకటి. పాత పత్రాలు చూడదలచినవారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

పని ఇలా సాగించవచ్చు. మీ పేటకు సంబంధించిన ఒకే ఒక విషయాన్ని ఎంచుకోండి: వాననీటి ముంపు కావచ్చు, సబర్బన్ రైలు కావచ్చు, మత్స్యకారుల రేవు కావచ్చు. దానిపై మీ సభ్యులు ఏ సాధనం వాడారో చూడండి. మంత్రి ఇచ్చిన సమాధానంలో తేదీ, మొత్తం, బాధ్యత వహించే శాఖ ఉన్నాయేమో గమనించండి. "పరిశీలనలో ఉంది" అన్న సమాధానం వస్తే ఆరు నెలల తరువాత మళ్లీ అడిగారా లేదా చూడండి. అడగకపోతే, అడగమని సభ్యునికి ఉత్తరం వ్రాయండి. సభ్యుల ప్రశ్నలలో ఎన్నో ఇటువంటి ఉత్తరాల నుండే పుడతాయి. కేంద్రం పరిధిలో లేని విషయమైతే శాసనసభ్యునికి, నగరపాలక సంస్థకు చెందినదైతే వార్డు సభ్యునికి వ్రాయాలి. సరియైన తలుపు తట్టడం కూడా పౌరవిద్యలో భాగమే.

సెయింట్ జార్జి కోటలో నేటికీ తమిళనాడు శాసనసభ కూర్చుంటున్నది. అక్కడ 1927లో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న 1947లో చట్టమైంది. అడిగినవారు సభ విడిచిపోయినా అడిగిన మాట పుటలో మిగిలినందువల్లనే తరువాతివారు దానిని అందుకోగలిగారు. పుట ఉండడం సభ బాధ్యత. దానిని తెరవడం పౌరుని బాధ్యత.

అభ్యాసం

1. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకూ, గుర్తు లేని ప్రశ్నకూ భేదమేమి? మీ వార్డు సమస్య ఒకదానిని ఎంచుకొని, దానికి ఏది తగునో కారణంతో వ్రాయండి.
2. 1927 తీర్మానం చేయలేని ఏ పనిని 1929 సవరణ చేసింది?
3. బెంగుళూరు నాగరత్నమ్మ ప్రభృతులు సభలో సభ్యులుగా ఉండి ఉంటే చట్టం ఏ విధంగా మారి ఉండేదో తరగతిలో చర్చించండి.
4. ప్రశ్నల సంఖ్యను మాత్రమే చూసి ఒక సభ్యుని మంచి చెడ్డలు తేల్చడంలోని లోపాలు మూడు పేర్కొనండి.
5. మీ లోక్‌సభ సభ్యులు అడిగిన ఒక ప్రశ్ననూ, దానికి వచ్చిన సమాధానాన్నీ చదివి, మీరైతే వేసే అనుబంధ ప్రశ్న ఒకటి వ్రాయండి.